పూజకు ముందు మాత్ర వేసుకోవచ్చా?



పటేల్‌గూడ, బీరంగూడ, పటాన్‌చెరు వైపు కుటుంబాల్లో షిఫ్టు పనివారు ఎక్కువ. రాత్రి షిఫ్టు దిగి, ఏమీ తినకుండా నేరుగా ఆదివారం పూజకు వెళ్ళే షుగరు రోగులున్నారు. సత్ప్రసాదం లోకోవాలంటే కడుపు ఖాళీగా ఉండాలని, మాత్ర కూడా వేసుకోకూడదని వారి నమ్మకం. ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఉండేవారికి మరీ ప్రమాదం. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి గుడిలోనే పడిపోతారు.

ఇది పాత నియమం. ఒకప్పుడు అర్ధరాత్రి దాటితే మంచినీళ్ళు కూడా తాగకూడదు. 1953లో పోపు పన్నెండవ పయస్ గారు నీళ్ళకు అనుమతిచ్చారు. ఉపవాసం 1957లో మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గింది. ఆ గంటలో కూడా నీళ్ళు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులకు, రోగులకు, దగ్గరుండి చూసుకునేవారికి ఆ గంట పట్టింపు కూడా లేదు. ఈ మాట గుడిలో ఇంకా గట్టిగా చెప్పాలని మా అభిప్రాయం.

భయానికి కారణం మాకు తెలుసు. సత్ప్రసాదం అంటే రక్షణకు సంబంధించిన విషయం. అప్పద్రాక్షారసాలు క్రీస్తు శరీరరక్తాలుగా మారతాయని, సిలువ మీది ఒకే బలి పీఠంపై మన ముందుకు వస్తుందని కతోలికుల విశ్వాసం. జ్ఞానస్నానంతో మొదలైన జీవానికి ఇది ఆహారం. దీన్ని స్వీకరించేవారికి నిత్యజీవం ఉంటుందని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఉంది. రెండవ శతాబ్దపు తొలినాళ్ళలో అంతియోకు మేత్రాణులు పునీత ఇగ్నేషియస్ గారు దీన్ని మరణానికి విరుగుడైన ఔషధంగా వర్ణించారు. నర్సులం కదా, ఆ పోలిక మాకు చాలా ఇష్టం.

అయితే ఇది తాయెత్తు కాదు. చావైన పాపం ఉంటే ముందు పాపసంకీర్తనం చేయాలి. డాక్టరు మందుకు ఇది పోటీ కూడా కాదు. 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ గారు, మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపుగారి అనుమతి పొంది, దశాబ్దాలపాటు రోగులను చూశారు.

ఇంకో సంగతి. మరణానికి దగ్గరైనవారికి ఇచ్చే సత్ప్రసాదానికి లాటిన్‌లో వియాటికుమ్ అని పేరు. మన భాషలో దారి బత్తెం. చనిపోబోయేవారికి దీన్ని నిరాకరించకూడదని 325లోనే నికేయా మహాసభ నిర్ణయించింది. మన ఇళ్ళలో మాత్రం ఫాదర్‌గారు మంచం దగ్గరికి వస్తే రోగి బెదిరిపోతాడని ఆఖరి గడియ దాకా పిలవరు. అప్పటికి స్పృహ ఉండదు, గొంతు దిగదు. బత్తెం బయలుదేరే ముందే కదా కట్టిచ్చేది!

అలా అందకుండా పోయినవారి సంగతేమిటి? 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభైమందికి పైగా చనిపోయారు. అలాంటి మరణంలో ఎవరినీ పిలిచే వ్యవధి ఉండదు. దేవుడు తన కృపను దివ్యసంస్కారాల ద్వారా ఇస్తాడు గాని, వాటికి మాత్రమే కట్టుబడి ఉండడని శ్రీసభ బోధ. సత్ప్రసాదం అందలేదు కాబట్టి నా బిడ్డకు రక్షణ లేదేమోనని ఏ తల్లీ కుమిలిపోనక్కరలేదు. వ్యవధి ఉండి కూడా మనం ఆలస్యం చేయడం మాత్రం వేరే మాట.

వార్డులో ఉన్నవారికి కొన్ని సూచనలు. ఆపరేషన్ ఉంటే ముందురోజు సాయంత్రమే సత్ప్రసాదం తీసుకోండి. పక్షవాతం వచ్చినవారికి పొలమారే ప్రమాదం ఉంది, ముందు డ్యూటీ సిస్టర్‌ని అడగండి. చిన్న ముక్క, చెంచాడు నీళ్ళతో ఇవ్వవచ్చు. అప్పం మింగలేనివారికి ద్రాక్షారస రూపంలో మాత్రమే ఇవ్వడానికి అనుమతి ఉంది, ముందుగా ఫాదర్‌గారికి చెప్పాలి. రోగిని చేర్పించిన రోజే మీ విచారణ ఫాదర్‌గారి ఫోను నంబరు కేస్‌షీటు మీద రాయించండి.