పక్క గదికి వెళ్ళడానికి ఊరంతా తిరగాలా?

మొన్న నాన్నగారి షష్టిపూర్తి వీడియోలు, ఓ 40 జీబీ, మా ఆవిడ లాప్‌టాప్‌లోకి మార్చాల్సొచ్చింది. "క్లౌడ్‌లో పెట్టెయ్యొచ్చుగా" అంది. రాత్రంతా అప్‌లోడ్ చేసినా సగం కాలేదు! రెండు లాప్‌టాప్‌లూ ఒకే వైఫైలో ఉండగా ఎక్కడో సర్వర్ దాకా వెళ్ళి రావడమెందుకండీ?

విండోస్‌లో నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి, ఫోల్డర్ షేర్ చేసి, రెండోదాంట్లో రెండు బ్యాక్‌స్లాష్‌లూ మొదటిదాని పేరూ కొట్టి, దాని పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ఇంటర్నెట్ లేకున్నా రౌటర్ ఉంటే పనౌతుంది.

కుదరట్లేదని పాత ఎస్ఎంబీ1 మాత్రం ఆన్ చెయ్యకండి. 2017లో వాన్నాక్రై పాకింది ఆ దారినే. 'ఎవ్రీవన్'కి తలుపులు తెరవకండి.

మనింటి జ్ఞాపకాలు గడప దాటాలో లేదో మనమే నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. మీరేమంటారు?