తప్పు నోటిది కాదు

బరువు తగ్గి, ఏడాది తిరక్కముందే మళ్లీ పెరిగిన మనిషికి మన దగ్గర ఒక్కటే తీర్పు: నోరు కట్టుకోలేకపోయాడు. డాక్టరు అదే అంటాడు, యూట్యూబులో ఉపన్యాసం చెప్పే పెద్దాయన అదే అంటాడు, ఇంట్లో అత్తగారూ అదే అంటుంది. చివరికి పెరిగినవాడే తల వంచుకొని ‘నాదే తప్పు సారూ, నోరు ఆగలే’ అంటాడు. నేరం మోపినవాళ్లూ ఒప్పుకున్నవాడూ ఒకే మాట మీద ఉన్న కేసులోనే అసలు దోషి చల్లగా జారుకుంటాడు. ఇక్కడ జారుకున్నది డైటు. నల్లగొండలో, పాలమూరులో మనుషులు ఎట్లా బతుకుతారో, ఏం వండుకుంటారో, ఎప్పుడు తింటారో పట్టని ఒక కాగితం ముక్క నిర్దోషిగా బయటపడుతుంది.

మనోబలం సంగతి ముందు తేల్చుకుందాం. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. వాళ్లు సామాన్యులు కారు. చంపడం తప్పని నమ్మి, యుద్ధానికి పోమని సొంత ప్రభుత్వానికి ఎదురు నిలిచినవాళ్లు. యూరప్‌లో ఆకలితో మాడిపోతున్న జనానికి తిరిగి తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుస్తుందని తమ ఒళ్లు తామే అప్పజెప్పినవాళ్లు. వాళ్లకు పట్టుదల లేదనగల మొనగాడు ఎవడు? అలాంటివాళ్లే నాలుగో వంతు బరువు తగ్గేసరికి పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడుకున్నారు, వంటల పుస్తకాలు ముందేసుకు కూర్చున్నారు. ఆంక్షలు ఎత్తేశాక పొట్ట నిండినా ఆకలి తీరక తిన్నారు. పోయిన బరువు తిరిగొచ్చింది, కొవ్వు మునుపటికన్నా ఎక్కువే చేరింది. ఆ అర్ధాకలి రోజుల్లో వాళ్లకు పెట్టింది సుమారు 1,600 కెలోరీలు. మన ఊళ్లలో చేతిలో పెట్టే డైట్ చార్టుల మీద తరచుగా కనిపించే అంకె 1,200.

తర్వాత వచ్చిన పరిశోధనలు ఇదే మాటను లోపలి నుంచి చెప్పాయి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు, డైటుతో బరువు తగ్గినవాళ్ల నెత్తురు పరీక్షిస్తే, ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, ‘ఇక చాలు’ అని చెప్పే హార్మోన్లు తగ్గి ఉన్నాయి. ఏడాది గడిచాక కూడా అంతే. 2016లో మరో సంగతి బయటపడింది. అమెరికా టీవీ పోటీలో బోలెడు బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా ఉంది. కరువు వచ్చిందనుకొని ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. తరతరాల కరువులు చూసిన పాలమూరు జనానికి ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు.

ఇక మన డైటు గురువుల సంగతి. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో నలభై దాటినవాళ్లను అడిగి చూడండి, మూడు మతాలూ పుచ్చుకొని వచ్చినవాళ్లు కనిపిస్తారు. మొదట మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పూ నూనే లేని కూరలు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అది కూడా ఎక్కువగా కొబ్బరినూనె. ఆ వెనకే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు, కషాయాలు. ఒకరు నూనె విషమంటారు, ఒకరు నూనే మందంటారు. ఆశ్చర్యమేమంటే మొదటి నెలలో మూడూ పనిచేస్తాయి. అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం కరుగుతుంది. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లూ పోతాయి. వారంలో రెండు మూడు కిలోలు తగ్గి, గురువు మహిమ ఊరంతా పాకుతుంది. నీళ్లు పోయినంత తేలిగ్గా కొవ్వు పోదు. నాలుగో నెలలో కాటా ముల్లు ఆగిపోగానే, మహిమ గురువుగారి ఖాతాలో ఉండిపోయి, తప్పు మాత్రం శిష్యుడి ఖాతాకు మారుతుంది.

ఏ మతం గొప్పదన్న జగడానికి 2018లోనే మంచి జవాబు దొరికింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి కొవ్వు తగ్గించింది, సగం మందికి పిండిపదార్థాలు తగ్గించింది. ఏడాది తర్వాత మొదటి గుంపు సగటున 5.3 కిలోలు, రెండో గుంపు 6 కిలోలు తగ్గింది. లెక్కలోకి వచ్చే తేడా కాదు. రెండు గుంపుల్లోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. ఏం తిన్నారన్నదానికన్నా ఎంతకాలం దాన్ని పట్టుకొని బతకగలిగారన్నదే ముఖ్యం.

పాలమూరులో ఇంకో వాదం గట్టిగా వినిపిస్తుంది. మన తాతలు జొన్నరొట్టె, గట్క తిని సన్నగా ఉక్కులా ఉన్నారు, మనమూ అక్కడికే పోవాలి అని. వినడానికి తియ్యగానే ఉంటుంది. కానీ ఆ తాత సన్నగా ఉన్నది జొన్న వల్లేనా? పొద్దంతా మట్టి మోసి, పూటకు చాలని తిండి తిన్నాడు కాబట్టి సన్నగా ఉన్నాడు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా డ్యాముల దగ్గర, కాలువల దగ్గర మోగింది ఆరోగ్యం కోసం కాదు, ఇంటి దగ్గర గింజలు లేక. ఆ ఆకలిని ఆహార నియమం అని పిలవడం ఆ తాతకు అవమానం. గింజ లెక్కకు వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో సుమారు 355 కెలోరీలు, జొన్నల్లో 335, కొర్రల్లో 330. ఈ తేడాతో ఎవరి పొట్టా తగ్గదు. జొన్నలో పీచు మాత్రం పది గ్రాముల దాకా ఉంటుంది, తెల్లబియ్యంలో మూడుకు లోపే. జొన్న మేలు ఒకటి అక్కడుంది, మరొకటి రొట్టెలో ఉంది. రొట్టె చేత్తో కొట్టాలి, ఒక్కొక్కటి కాల్చాలి, లెక్క కనిపిస్తుంది. రెండు తిన్నావా మూడు తిన్నావా తెలుస్తుంది. అన్నానికి ఆ లెక్క లేదు, మారు వడ్డిస్తూనే ఉంటారు.

ఆ అన్నం మన పళ్లెంలోకి ఎవరి నోటి చపలత్వం వల్లా రాలేదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద నల్లగొండ జిల్లా వరి దేశమైంది, మిర్యాలగూడ మిల్లుల పట్నమైంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాడు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పాలమూరు జొన్నచేలూ మడికట్లయ్యాయి. 2015 నుంచి రేషను బియ్యం మనిషికి నెలకు ఆరు కిలోలు, 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి అవే ఆరు కిలోలు సన్నబియ్యం. ఇందులో దేన్నీ నేను తప్పుపట్టను. ఆకలి చూసిన ఇంట్లో తెల్లన్నం పండగ. పైగా లెక్క కడితే ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములే. పోషకాహార సంస్థ 2,000 కెలోరీల పళ్లేనికి చెప్పిన 250 గ్రాముల ధాన్యం కన్నా అది తక్కువ. కాబట్టి రేషను బియ్యాన్ని తిట్టేవాళ్లు కూడా గురి తప్పారు. అదే పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పో గుడ్డో మాంసమో ఉండాలని కూడా ఆ సంస్థ చెప్పింది. మన పళ్లెంలో ఆ చోటు పచ్చిపులుసుది. పచ్చిపులుసు రుచికి నేనూ దాసుణ్ణే, కానీ కడుపుకు అది బరువివ్వదు. ఆ బరువు కోసమే మూడోసారి అన్నం పెట్టించుకుంటాం. కొన్న బియ్యమో పండిన బియ్యమో రేషను మీద ఎక్కేది అక్కడే.

డైట్ చార్టు ఓడిపోయే అసలు చోటు కూడా ఇదే. చార్టు ఒక్క మనిషికి రాసి ఉంటుంది, మన ఇళ్లలో వంట ఆరుగురికి. రెండు పుల్కాలు, ఒక కప్పు సలాడ్, గ్రిల్ చేసిన పనీరు అని రాసిచ్చిన కాగితం పట్టుకొని దేవరకొండ పక్క ఊరి ఇల్లాలు ఏం చెయ్యాలి? అందరికీ అన్నం వండి, పిల్లలకు పెట్టి, మామకు పెట్టి, రాత్రి తొమ్మిదిన్నరకు తన ఒక్కదాని కోసం మళ్లీ పొయ్యి వెలిగించాలా? వారం చేస్తుంది, పది రోజులు చేస్తుంది. తర్వాత గిన్నె అడుగున మిగిలింది పారెయ్యలేక తింటుంది. ఇందులో నోరెక్కడ తప్పు చేసింది?

కాబట్టి మార్చాల్సింది ఇంటి కుండను. అందరి కూరలో నూనె తగ్గి కూరగాయ పెరగాలి, పప్పు చిక్కబడాలి, రాత్రిపూట అందరికీ రొట్టె కావాలి. కొట్టే ఓపిక లేకపోతే సాయంత్రాలు రోడ్డు పక్క పొయ్యి పెట్టి వేడివేడిగా జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లున్నారు, వాళ్ల బేరమూ నడుస్తుంది. మనోబలం అందరికీ కొంతే ఉంటుంది. దాన్ని రాత్రి ఆకలి మీద, ఎదురుగా ఉన్న గిన్నె మీద ఖర్చు పెట్టమనడం తెలివితక్కువ. అంగట్లో కూరగాయలు కొనేటప్పుడు, నూనె ప్యాకెట్టు నెలకు ఎన్ని రోజులు రావాలో తేల్చుకునేటప్పుడు వాడితే అదే బలం చాలా దూరం వస్తుంది. మనిషికి బాధ్యతే లేదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. ఉంది, కానీ పళ్లెం ముందు కాదు.

దావత్‌ల దగ్గర మన సలహాదారుల అజ్ఞానం పరాకాష్ఠకు చేరుతుంది. పెళ్లి, తొట్టెల, బోనం, కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర, దినాలు. ఎక్కడా తినొద్దంటారు. మేనమామ యాటను కోసి పిలిస్తే ‘నేను డైట్‌లో ఉన్న’ అని కూర్చునేవాడికి మళ్లీ పిలుపు రాదు, రావద్దు కూడా. అసలు లెక్క చూడండి. ఒక దావత్‌లో మామూలుకన్నా వెయ్యి, పదిహేను వందల కెలోరీలు ఎక్కువే తిన్నాడనుకుందాం. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కెలోరీలు. అంటే పెరిగింది రెండు వందల గ్రాముల లోపు. కానీ తెల్లారి ముల్లు కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది కూరలో ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు, ఇంకా అరగని తిండి. ఆ అంకె చూసి ‘అంతా పోయింది, ఇక లాభం లేదు’ అని మనిషి డైటు మొత్తం వదిలేస్తాడు. ఆ వదిలెయ్యడమే ఆర్నెల్లలో పది కిలోలై కూర్చుంటుంది. దావత్ మర్నాడు మామూలు తిండికి తిరిగిరమ్మని, మూడు రోజులు కాటా ఎక్కొద్దని చెప్పే చార్టు నా కంట ఇంతవరకూ పడలేదు.

డబ్బున్నవాళ్లకు ఈ మధ్య నోటి ఉపన్యాసం ఆగిపోయింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. సూది పడగానే ఆకలి తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్‌ను ఆపి ఏడాది చూస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని దాని పరీక్షలే చెప్పాయి. సూదితో పట్టుదల వచ్చి, సూది ఆపగానే పోయిందా? ఆకలి ఒంటి వ్యవహారమని హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒప్పుకున్నవాళ్లు అచ్చంపేట మనిషి దగ్గరికి వచ్చేసరికి నీతి బోధకులు ఎందుకవుతారు?

కాటా ఒక్కటే న్యాయమూర్తి అనుకోవడం ఇంకో పొరపాటు. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చేవారి సంఖ్య 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మన ఒళ్ల తీరు అది, సన్నటి కాళ్లూ చేతులూ, మధ్యలో పొట్ట. అందుకే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటిన నడుమును మన డాక్టర్లు హెచ్చరికగా చూస్తారు. ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గి, రెండేళ్లు అక్కడే నిలబడ్డ మనిషి నెగ్గినట్టు. అతన్ని మనం ‘ఏం తగ్గినవ్ లే’ అంటాం. నెలలో పది కిలోలు తగ్గి ఏడాదిలో పన్నెండు పెరిగినవాడి పాత ఫొటోలకు మాత్రం వాట్సాప్‌లో దండలు వేస్తాం.

ఇంటి కుండ మారాలంటే ఇంటివాళ్ల చేతిలో లేని పని ఒకటుంది. ప్రభుత్వం బియ్యం సన్నవా దొడ్డువా అని ఏళ్ల తరబడి ఆలోచించింది, సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించింది. పప్పు మీద అంత ఆలోచన పెట్టలేదు. రేషను షాపులో పప్పు ఇవ్వడం చేతకాని పనేమీ కాదు. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల సంచిలో కిలో కందిపప్పు ఉండేది. కంది ఎక్కడినుంచో రావాల్సిన పని కూడా లేదు, కొడంగల్, నారాయణపేట నేలల్లోనే పండుతుంది, పక్కనే తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కార్డుకు నెలకు రెండు కిలోల కందిపప్పు, కావాలన్నవాళ్లకు బియ్యం బదులు జొన్నలు. డైటు గురించి ఉపన్యాసం చెప్పాలనుకునే ఎమ్మెల్యేలూ డాక్టర్లూ ముందు దీని గురించి ఒక అర్జీ రాయండి.