రోబో పెట్టెకు తాళం ఎవరేశారు?

"కూలికిపోయే మన పిల్లలకు ఈ రోబోలు ఎందుకయ్యా?" దాచేపల్లి, నడికుడి పల్లెల్లో మనోళ్ళే అడుగుతున్న మాట ఇది. వాళ్ళ అనుమానం ఊరికే పుట్టలేదు. బడికి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు ఎవరి పిల్లల చేతికి పోయిందో వాళ్ళు చూసినవాళ్ళే. కానీ "మనకెందుకులే" అంటే లాభం ఎవరికి?

2016లో కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తుంది. 2025-26 బడ్జెట్‌లో, ఐదేళ్ళలో సర్కారు బడుల్లో మరో 50 వేల ల్యాబులన్నారు. మంచిదే. పెట్టె వస్తుంది. దాన్ని విప్పి పాఠం చెప్పే పంతులేడీ?

నేనొక బడిలో చూశాను. ఆ బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. మోటార్లు, సెన్సర్లు, వైర్లు బీరువాలో ఉన్నాయి. ఆఫీసర్లొస్తే తాళం తీస్తారు, పోగానే వేస్తారు. అడిగితే సైన్సు పంతులు తలొంచుకుని, "పాడైతే నా మీదకొస్తది, మాకెవరూ నేర్పలేదు" అన్నాడు. ఆయన్ని తిట్టి ఏం లాభం? సరుకు తెచ్చినవాళ్ళు ఒక పూట చూపించిపోతే అది శిక్షణెట్టా అవుద్ది?

అసలు రోబో ఒక్క సైన్సు పంతులు పనే కాదు. సెన్సర్ శబ్దం పంపుతుంది, అది గోడకు తగిలి తిరిగొస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రానూపోనూ పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కగట్టాలి. అక్కడ లెక్కల పంతులు కావాలి. ఆ రోబో ఎవరి కోసమో చెప్పడానికి సోషల్ పంతులు కావాలి.

ఎవరి కోసం? మురుగు గుంట సంగతే తీసుకోండి. 1993లో పాకీపనిని నిషేధిస్తూ చట్టమొచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలవలోకి దించొద్దని 2013 చట్టం చెప్పింది. చచ్చిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు అన్నది. అయినా దించుతూనే ఉన్నారు. దిగేదెవరో, ఏ కులమో మీకు చెప్పాలా? కేరళలో కుర్రాళ్ళు 2018లో బాండికూట్ అనే యంత్రాన్ని తిరువనంతపురం మ్యాన్‌హోళ్ళలోకి దించారు. మనిషి గట్టు మీద నిలబడి తెర చూస్తూ నడుపుతాడు. ఇదే పాఠం కావాలి! హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన తెలిసే శక్తే పోతుంది. వాసన లేదు గదా అని దిగినోడు తిరిగి రాడు. ఇది రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, మన బతుకు, మూడూ కలిసిన పాఠం.

మనోళ్ళకు యంత్రం కొత్తనేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. లందలో తంగేడు చెక్కేసి తోలు ఊనిన తాతకు రసాయనం తెలియదా? నాపరాయి క్వారీలో గడ్డపారతో బండ లేపేవాడికి తులాదండం తెలియదా? పేర్లు నేర్పలేదు, అంతే.

కాబట్టి శిక్షణ బోయపాలెం డైట్‌లో జరగాలి. సైన్సు, లెక్కలు, సోషల్ పంతుళ్ళను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళ చేతులతోనే విప్పించి బిగించాలి. పాడైతే పంతులు జీతంలో కోయబోమని ముందే రాసివ్వాలి. పల్లె ఆడపిల్లలకు చీపురు కాదు, స్క్రూడ్రైవర్ ఇవ్వాలి.

ఈ నెల తల్లిదండ్రుల కమిటీకి పొయ్యేవాళ్ళు స్టాకు రిజిస్టరు చూపించమనండి. బీరువా తాళం ఎవరి దగ్గరుందో, శిక్షణకు ఎవర్ని పంపారో అడగండి. జవాబు కాగితం మీద రాయించుకుని రండి.