నబ్జ్ పట్టకుండానే ఇలాజ్

డీజిల్ బండికి పికప్ తగ్గిందని షెడ్డుకి తీసుకెళ్తే ఈ రోజుల్లో ఒక తమాషా జరుగుతోంది. డాష్‌బోర్డు కింద స్కానర్ గుచ్చుతారు. తెర మీద పి0087 అని పడుతుంది. రెండు నిమిషాల్లో ఫైసలా వచ్చేస్తుంది. "ఇంజెక్టర్లు పోయాయి సాబ్, నాలుగూ మార్చాలి. పంపు మీద కూడా షక్ ఉంది." పాత బండి అయితే ఆ ఖర్చు బండి అమ్మకం ధరలో పెద్ద హిస్సా అవుతుంది. బండి యజమాని తల పట్టుకుంటాడు. అది కిరాయికి తిప్పుకునే బండి అయితే ఆ ఇంట్లో ఆ నెల రేషన్, పిల్లల ఫీజు, ఫైనాన్స్ కంపెనీ కిస్తీ అన్నీ ఆ నాలుగు ఇంజెక్టర్ల మీద పడతాయి.

ఇంతకీ పి0087 అంటే ఇంజెక్టర్లు పోయాయని అర్థం కాదు. రైల్లో డీజిల్ ప్రెషర్ ఉండాల్సినంత లేదని, అంతవరకే. ఎందుకు లేదో ఆ కోడుకి తెలియదు, చెప్పదు కూడా. ఒంట్లో బుఖార్ ఉందని థర్మామీటర్ చెబుతుంది. అది మలేరియానో, టైఫాయిడో, ఊరికే ఎండదెబ్బో చెప్పదు కదా. స్కానర్ కోడు ఒక ఫిర్యాదు మాత్రమే. మన షెడ్డుల్లో దాన్ని తీర్పుగా చదివేస్తున్నారు.

మా ఉర్దూ మీడియం స్కూల్లో 'తష్ఖీస్' అనే మాట నేర్పారు. హకీం నబ్జ్ పట్టి, కళ్లు చూసి, నాలుగు సవాళ్లు అడిగి మర్జ్ ఏమిటో తేల్చడం. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు దానికి 'రోగ నిర్ధారణ' అని ఇంకో బరువైన మాట దొరికింది. షెడ్డులో మాత్రం ఈ రెండూ అక్కర్లేదు. "కంప్లైంట్ పట్టుకున్నాడు" అంటారు. నాకు ఆ మాటే నచ్చుతుంది. పట్టుకోవాలంటే వెతకాలి, వెతకడానికి సబర్ కావాలి. తక్కువైంది ఆ సబరే.

అసలు ఈ ప్రెషర్ ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పోతుంది? బండి యజమానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు గానీ ఈ కాస్త ఇల్మ్ ఉంటే చాలా డబ్బు మిగులుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ ఫిల్టర్ గుండా హై ప్రెషర్ పంపుకి వస్తుంది. ఇది ఠండా వైపు, ప్రెషర్ తక్కువ. కొన్ని బండ్లలో ట్యాంకులోనే మోటారు ఉండి నెడుతుంది. కొన్నింటిలో పంపే పీలుస్తుంది. అక్కడి నుంచి కథ మారిపోతుంది. పంపు ఆ డీజిల్‌ని రైలు అనే లావుపాటి గొట్టంలోకి ఎక్కిస్తుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు 250, 300 బార్, పూర్తి లోడు పడితే 1600 బార్, కొత్త బండ్లలో ఇంకా పైనే. కారు టైర్లో మనం కొట్టించే గాలి దాదాపు 2.2 బార్. లెక్క మీరే వేసుకోండి, ఏడొందల రెట్లు దాటుతుంది. పంపులోకి ఎంత డీజిల్ రావాలో ఒక చిన్న వాల్వ్ చూసుకుంటుంది. రైలు మీద ఉన్న సెన్సార్ ఎంత ప్రెషర్ ఉందో కంప్యూటర్‌కి ఖబర్ ఇస్తుంటుంది. ఇంజెక్టర్లు కొట్టగా మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది.

అంటే ప్రెషర్ పడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. డీజిల్ రాకపోవడం, డీజిల్‌తో పాటు గాలి రావడం, పంపు అరిగిపోవడం, వాల్వ్ ఇరుక్కోవడం, ఇంజెక్టర్ల నుంచి రిటర్న్‌లోకి ఎక్కువగా జారిపోవడం, రైలు మీది లిమిటర్ కారడం, అన్నీ బాగానే ఉండి సెన్సార్ అబద్ధం చెప్పడం. ఇన్ని ఉంటే అన్నిటికంటే ఖరీదైన దానితోనే మొదలుపెట్టడం ఏ హునర్?

మా ఖాలా కొడుకు పాత 2.5 ఇన్నోవా తిప్పుతాడు. కర్నూలు నుంచి శ్రీశైలం కిరాయిలు ఎక్కువ. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు, ఏడుగురు సవారీ ఉన్నప్పుడు, బండి ఒక్కసారిగా నీరసించి లాగడం మానేసేది. ఆపి, ఆఫ్ చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే ఉండేది. సాఫ్ రోడ్డు మీద ఏ బాధా లేదు. ఒక పెద్ద వర్క్‌షాపులో స్కానర్ పెట్టి పంపు, నాలుగు ఇంజెక్టర్లు అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వాడు ఇంట్లో జేవర్ తాకట్టు పెట్టేదాకా వచ్చాడు. ఆ లోపు ఎవరో చెప్పారని ఒక పాత ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. ఉస్తాద్ బానెట్ ఎత్తకముందు సవాళ్లు అడిగాడు. "ఎక్కడ ఆగుతోంది బేటా, ఘాట్‌లోనా, దిగువనా? ట్యాంకులో ఎంతుంది అప్పుడు? ఈ మధ్య ఫిల్టర్ ఎవరైనా ముట్టుకున్నారా?" ముట్టుకున్నారు. పది రోజుల కిందటే మార్పించాడు.

ఆయన ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టాడు. ఐడిలింగ్‌లో డీజిల్ శుభ్రంగా పోతోంది. రేజ్ చేసి పట్టుకోగానే బుడగలు మొదలయ్యాయి. ఫిల్టర్ పైన చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది కదా, దాని సీలు దగ్గర గాలి పీలుస్తోంది. కింద చుక్క డీజిల్ కారలేదు. కారదు కూడా, ఎందుకంటే అక్కడ లోపల ఉన్నది పీలుపు, నెట్టుడు కాదు. డీజిల్ బయటికి రావడం కాదు, గాలి లోపలికి పోతుంది. ఐడిలింగ్‌లో పంపు తాగేది కొంచెమే కాబట్టి తేడా తెలియదు. ఘాట్‌లో యాక్సిలరేటర్ నొక్కి పెడితే దాహం పెరుగుతుంది, పీలుపు పెరుగుతుంది, గాలి వస్తుంది, రైల్లో ప్రెషర్ పడిపోతుంది, కంప్యూటర్ భయపడి పవర్ కోసేస్తుంది. ప్రైమర్ మార్చారు. ఏ పూట కిరాయికి ఆ పూటే వెళ్లాడు.

ఆ మొదటి వర్క్‌షాపువాళ్లు దొంగలని నేను అనను. వాళ్లు చూడాల్సినది చూడలేదు, అంతే. లోడు పడినప్పుడే వచ్చే మర్జ్‌ని నిలబెట్టిన బండిలో వెతికారు. అదే స్కానర్‌ని కోడు చదవడంతో ఆపకుండా, లైవ్ డేటా తెరిచి, బండిని రోడ్డు ఎక్కించి చూడాలి. కంప్యూటర్ అడిగిన ప్రెషర్ ఎంత, నిజంగా వచ్చిన ప్రెషర్ ఎంత, రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి. ఐడిలింగ్‌లో రెండూ కలిసి ఉండి, లోడులో మాత్రమే విడిపోతే మొదటి షక్ ఫిల్టర్ మీద, గాలి మీద, ఠండా వైపు మీద పెట్టాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, కాలిన ఇంజిన్ మీద సెల్ఫ్ తిరుగుతూనే ఉండి స్టార్ట్ కాకపోతే అది వేరే కథ. వేడికి డీజిల్ పలుచబడుతుంది, అరిగిన చోట ఎక్కువ జారిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్లో కనీసం 150, 200 బార్ దాకా చేరకపోతే చాలా బండ్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లు తెరవనే తెరవదు. అప్పుడు ఇంజెక్టర్ల మీద, పంపు మీద షక్ జాయజ్. అప్పుడు కూడా షక్ మాత్రమే.

ఆ షక్ తీర్చుకోవడానికి చవకైన పరీక్ష ఉంది. 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్ లాంటి బండ్లలో ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు పైకే కనిపిస్తాయి. వాటిని తీసి ఒక్కోదానికి ఒక్కో సీసా తగిలించి ఇంజిన్‌ని కొన్ని నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలితే చాలు. మూడు సీసాల్లో అడుగున కొంచెం, నాలుగోదాంట్లో సగం నిండితే నేరస్థుడు దొరికినట్టే. అప్పుడు మార్చాల్సింది ఒక్కటి, నాలుగు కాదు. అన్ని బండ్లలో ఇంత ఆసాన్ కాదు, ఒప్పుకుంటాను. కొన్నింట్లో రిటర్న్ పైపు వాల్వ్ కవర్ కింద ఉంటుంది. పీజో రకం ఇంజెక్టర్లకి రిటర్న్‌లో కొంత ప్రెషర్ ఉండితీరాలి, వాటిని సీసాలతో చూడకూడదు. కానీ వీలున్న బండికి కూడా ఈ పరీక్ష చేయకుండా "నాలుగూ" అనేవాడిని ఉస్తాద్ అనడానికి నాకు నోరు రాదు.

సెన్సార్ సంగతి ఇంకా చిన్నది. బండి ఆపి కాసేపు వదిలేసి, తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్ చూస్తే రైలు ప్రెషర్ సున్నా దగ్గర ఉండాలి. నిద్రపోతున్న ఇంజిన్‌లో 100 బార్ అని చూపిస్తే సెన్సారో దాని వైరో అబద్ధం చెబుతోంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

దీనికి ఉల్టా కూడా ఉంది. పాత ఫిల్టర్ కోసి చూస్తే మెరుపులు, లోహపు రజను కనిపిస్తే పంపు లోపల విరిగి అరుగుతోందని అర్థం. అప్పుడు చవకగా పోదామనుకునే యజమానికి కూడా నేను గట్టిగానే చెబుతాను. పంపు ఒక్కటే మార్చి వదిలేస్తే ఆ రజను రైల్లో, ఇంజెక్టర్లలో, రిటర్న్ పైపు గుండా ట్యాంకులో కూడా ఉంటుంది. కొత్త పంపుని కూడా తినేస్తుంది. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా అంతా సాఫ్ చేయాల్సిందే. పంపుకి వేరే ఆయిల్ ఉండదు చాలా బండ్లలో, డీజిలే దానికి నూనె. అందుకే కిరసనాయిలు కలిసిన డీజిల్, నీళ్లు చేరిన డీజిల్ దానికి జహర్.

ఒక ఖతర్నాక్ ఆదత్ గురించి కూడా చెప్పాలి. పాత డీజిల్ ఇంజిన్లలో ఏ సిలిండర్ మిస్ కొడుతోందో పట్టడానికి ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు పానాతో ఒక్కొక్కటీ వదులు చేసేవాళ్లు. శబ్దం మారకపోతే అదే చచ్చిన సిలిండర్. అప్పట్లో అది హునరే. కామన్ రైల్ బండి మీద అలా చేస్తే చెయ్యి పోతుంది. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని మాంసంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత రంధ్రమే, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే పసుపు రాసుకుని పనిలో కూర్చోవడం కాదు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోయి డీజిల్ లోపలికి కొట్టిందని సాఫ్‌గా చెప్పాలి. షెడ్డుల్లో పనిచేసే షాగిర్దులకి ఈ మాట ఎవరు చెబుతున్నారు?

ఐటీఐలో మెకానిక్ డీజిల్ అని ఏడాది కోర్సు ఉంది. దానికి పదో తరగతి పాసై ఉండాలి. షెడ్డులో నల్లటి బట్టలతో కనిపించే మన కుర్రాళ్లలో చాలామంది బడి మధ్యలోనే వదిలేసినవాళ్లు. వాళ్ల మద్రసా ఆ షెడ్డే, కితాబు ఉస్తాద్ నోరే. ఉస్తాద్‌కి పాత పంపు గురించి సముద్రమంత తజుర్బా ఉంటుంది, ఈ కొత్త దాని గురించి ఎవరూ చెప్పలేదు. స్కానర్ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. వాడికి ఆ ఇంగ్లీషులో అర్థమయ్యేది ఒక్క కోడే, అందుకే కోడు పట్టుకుని వేలాడుతున్నాడు. పంపు, వాల్వ్, రిటర్న్, ప్రెషర్ ఇవన్నీ వాడి మాటలే, వాడి భాషే. ఆ మాటలతోనే తెలుగులో, ఉర్దూలో పది పేజీల పుస్తకం, బొమ్మలతో, షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించుకునేలా ఉంటే చాలు. జబాన్ గురించి సభలు పెట్టి ఉపన్యాసాలు ఇచ్చే మనవాళ్లలో ఒక్కరైనా ఈ పని చేస్తే నేను ఆ సభకి కుర్చీలు మోస్తాను.

ఇక మన వైపు ఖసూర్. ఉస్తాద్ రెండు గంటలు వెతికి, యాభై రూపాయల సీలు మార్చి, వెయ్యి రూపాయలు అడిగితే మనకి మంట. "సీలు యాభై కదా, తొమ్మిదొందల యాభై దేనికి?" అంటాం. అదే మనిషి నలభై వేల పార్టు వేసి అందులో కమీషన్ తీసుకుంటే కళ్లు మూసుకుని ఇచ్చేస్తాం. వెతికినందుకు మజ్దూరీ లేదు, మార్చినందుకే ఉంది. అలాంటప్పుడు ఎవడు వెతుకుతాడు? డాక్టర్ దగ్గర మందు రాయకపోయినా ఫీజు ఇస్తున్నాం కదా. కంప్లైంట్ పట్టుకున్నందుకు విడిగా ఫీజు ముందే మాట్లాడుకోండి, బిల్లులో అలాగే రాయించుకోండి. టైం లేదు, బండి సాయంత్రానికి కావాలి అని తొందరపెట్టేది కూడా మనమే. కిరాయి పోతుందని డ్రైవర్ భయం నాకు తెలుసు, కానీ ఒక పూట కిరాయి, నాలుగు ఇంజెక్టర్లు ఒక తక్కెడలో పెట్టి చూడండి.

పార్టు మార్చడానికి ఇజాజత్ ఇచ్చే ముందు నాలుగు అంకెలు కాగితం మీద అడగండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ప్రెషర్ ఎంత, ఐడిలింగ్‌లో ఎంత, లోడులో అడిగింది ఎంత, వచ్చింది ఎంత. ఇంజెక్టర్ పోయిందంటే సీసాల ఫలితమో, టెస్ట్ బెంచ్ రిపోర్టో చూపించమనండి. మార్చిన పాత పార్టులు డిక్కీలో వేసుకుని తెచ్చుకోండి, అవి మీ మాల్. కొత్త ఇంజెక్టర్ వేసినప్పుడు దాని మీద ఉన్న కోడుని కంప్యూటర్‌లో ఎక్కించారా అని కూడా అడగండి. చాలా బండ్లకి అది తప్పనిసరి, చాలా షెడ్డుల్లో అదే మర్చిపోతారు.