తెలుగింట్లో అరబ్బీ మాట

దిల్‌సుఖ్‌నగర్ పక్కనే సరూర్‌నగర్ ఉంది. దిల్ పారశీకం, సుఖ్ సంస్కృతం. సురూర్ మాత్రం అరబ్బీ, ఆనందమని అర్థం. ఇరుగుపొరుగున ఉన్న రెండు పేర్లూ దాదాపు ఒకే సంగతి చెబుతున్నాయి. రోజూ మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా వెళ్ళివచ్చే మనకు ఇది తట్టదు.

ఈ ప్రాంతంలో స్థిరపడిన ముస్లిం కుటుంబాల్లో జిల్లాల నుంచి ఉద్యోగాలకో, పిల్లల చదువులకో వచ్చినవారున్నారు. వారి ఇళ్ళలో చదువూ రాతా తెలుగే. పిల్లలు సాయంత్రం మసీదుకు వెళ్ళి ఖాయిదా పట్టి అలిఫ్, బే నేర్చుకుంటారు. కొంతకాలానికి దివ్య ఖుర్ఆన్ పఠనం పూర్తవుతుంది. ఇంట్లో మిఠాయి పంచుతారు. సంతోషమే. అయితే ఆ బిడ్డను పిలిచి, చదివిన వాక్యంలో ఒక్క మాటకు అర్థం చెప్పమని అడగండి. తల వంచుకుంటాడు. తప్పు వాడిది కాదు. అర్థం నేర్పే పుస్తకం చాలాచోట్ల ఉర్దూలో ఉంటుంది. వాడికి ఉర్దూ చదవడం రాదు. ఒక ఏరు దాటాలంటే ముందు ఇంకో ఏరు దాటమంటున్నాం.

నిజానికి ఆ బిడ్డకు అరబ్బీ మాటలు ఎన్నో ముందే తెలుసు. కలం, హక్కు, అసలు, నకలు, బాకీ, వసూలు, జవాబు, తారీఖు, హాజరు అన్నీ అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన నోటికి వచ్చినవే. నాన్న ఇంటి అప్పుకు కిస్తు కడుతున్నాడు. 'కిస్త్' అంటే న్యాయమైన వాటా. ఖుర్ఆన్‌లో అది న్యాయానికే పేరు. తాతగారు రైతు. 'రఅియ్యత్' అంటే ఒకరి సంరక్షణలో ఉన్నవారు. ప్రతి ఒక్కరూ కాపరేనని బోధించే ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) వాడిన మాట అదే. కొన్ని మాటలు దారిలో తలకిందులయ్యాయి కూడా. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన కోర్టుల్లో ముద్దాయి బోనులో నిలబడ్డాడు! మామూలు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇది గొప్ప పరిశోధనేమీ కాదు. బ్రౌన్ దొర 19వ శతాబ్దంలోనే తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు వేరే నిఘంటువు కూర్చాడు.

ఇక అరబ్బీ సాహిత్య సంపద ఎక్కడో కైరోలో, బాగ్దాదులో ఉందనుకుంటాం. 1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొద్ది కిలోమీటర్లు. లోకం మరచిపోతున్న అరబ్బీ రాతప్రతులను సరిచూసి అచ్చువేయడమే దాని పని. అల్ బీరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్ఊదీ' 1954-56లో, ఆయన భారతదేశంపై రాసిన గ్రంథం 1958లో ఇక్కడే వెలువడ్డాయి. రాజీ వైద్య గ్రంథం 'అల్ హావీ', ఇబ్ను హజర్ హదీసు శాస్త్ర గ్రంథాలు కూడా అంతే. అరబ్ దేశాల పండితులు హైదరాబాదు ప్రతి కోసం వెతుక్కున్నారు. మన పిల్లల్లో ఎందరికి ఆ భవనం తెలుసు?

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపు నుంచే జరగలేదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో కనిపించే కరటక దమనకులే 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా, దిమ్నా' అయ్యారు. తెలుగు పాఠంలో నక్క కథ చదివిన పిల్లవాడికి అరబ్బీ వచనంలో తొలి కళాఖండం పరిచయం చేయడానికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంది? ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివారిలో చిలుకూరి నారాయణరావు గారొకరన్నదీ మరువరాదు.

తెలుగు ద్వారా అరబ్బీ నేర్పితే ఉర్దూ పోతుందని కొందరు పెద్దల భయం. ఉర్దూ నేర్పండి, తప్పక నేర్పండి. కానీ అది వచ్చేదాకా అర్థాన్ని ఆపి ఉంచడం ఏ న్యాయం? అనువాదాలున్నాయి కదా అంటారు. అనువాదం చదవడం వేరు, నమాజులో తన నోట వచ్చే మాట తనకు తెలియడం వేరు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పెట్టింది పేరు. ఏ పోటీ పరీక్షకైనా అక్కడ తెలుగులో గైడు దొరుకుతుంది. నమాజులో రోజూ పలికే సూరాలలోని మాటలన్నీ కలిపినా పలుచని నోటుపుస్తకం నిండదు. తెలుగు టీచరు, మసీదు మౌలానా వారానికి రెండు సాయంత్రాలు కలిసి కూర్చుంటే వేసవి సెలవులలోగా అది సిద్ధమవుతుంది. మొదటి పేజీలో కలం, హక్కు, కిస్తు, రైతు ఉండాలి. ఈ జుమా నమాజు తర్వాత మీ మసీదు కమిటీవారిని కలిసి అడగండి.