బండిలోని చిత్రగుప్తుడు

మొన్న మాఘమాసంలో ఒక పెండ్లికి నల్లగొండ నుండి హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది. చూపు మునుపటివలె లేదు గనుక హైవే మీద కారు నడిపే సాహసం మానుకొని కొంత కాలమైంది. ఆ పూటకు స్టీరింగు పట్టడానికి నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చినాడు. ఏడవ తరగతిలో సంధులు చెప్పలేక నా చేత మొట్టికాయలు తిన్నవాడే. ఇప్పుడు వాడికి నలుబది దాటినవి, నాకు జుట్టు పండింది.

పంతంగి టోల్‌గేటు దాటి రెండు నిమిషాలు కాలేదు, జేబులో ఫోను మోగింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి. "నాన్నా, పంతంగి దాటినట్టున్నారు, ఎటు ప్రయాణం?" అన్నాడు. కారు నాది. అద్దానికి అంటించిన ఫాస్టాగు మాత్రం వాడి ఖాతాది. గేటు దగ్గర పైసలు కోసుకొన్న మరుక్షణం వాడి ఫోనుకు సమాచారం పోతుంది. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల మీద ఈ చీటీ తప్పనిసరి అయింది. నగదు ఇస్తామన్న వారికి రెట్టింపు రుసుము విధించినారు. అంటే మనం ఏ గేటు ఏ గంటకు దాటినామో ఎక్కడో ఒక చోట వ్రాయబడుతూనే ఉంటుంది.

నేను నవ్వి, "చూసినావురా, కొడుక్కు చెప్పకుండ పెండ్లికి పోయే స్వాతంత్ర్యం గూడ లేకపాయె" అన్నాను. వాడు నవ్వలేదు.

"మీకు నయమే సారూ. మీ కొడుకు ఫోన్ జేసి ఎటు పోతున్నరని అడుగుతుండు. మా ఓనరు అడుగనే అడుగడు. ఫోన్ల సూస్తడు, జీతం కోస్తడు."

అప్పుడు వాడు తన కథ చెప్పినాడు. హైదరాబాదులో ఒక యజమాని దగ్గర టాక్సీ నడిపేవాడట. ఒకనాడు సూర్యాపేటలో ప్రయాణికులను దించి ఖాళీ బండితో తిరిగి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర పక్కకు మళ్లినాడు. అక్కడ ఆసుపత్రిలో తల్లి ఉన్నది. ఆమె దగ్గర కూర్చుండి, నాలుగు మెతుకులు తినిపించి, మళ్లీ బండి ఎక్కేసరికి యాబై నిమిషాలైంది. నెలాఖరున జీతంలో రెండు వేలు తక్కువ. అడిగితే యజమాని తన ఫోను చూపి, "యాబై నిమిషాలు బండి ఆపినవు, బయటి కిరాయి కొట్టినవు" అన్నాడట. వీడు తల్లి సంగతి చెప్పినాడు. నమ్మలేదు. "అన్నా, గా రికార్డు నాకు గూడ ఇయ్యుండ్రి, బండి యాడ ఆగిందో మీరే సూడుండ్రి, దవాఖాన ముంగటనే ఆగింది గద" అని బతిమాలినాడు. అది నీకు ఇచ్చేది కాదన్నాడట. ఇటువంటివి మరి రెండు జరిగిన పిమ్మట వీడే పని మానుకొన్నాడు.

"గా డబ్బ నా పక్కనే ఉంటది సారూ. నాతోని మాట్లాడది. ఓనరుతోనే మాట్లాడతది."

పెండ్లి భోజనం చేస్తున్నంత సేపు ఈ మాటే నా చెవిలో ఉన్నది. ఈ టపా వ్రాయడానికి కారణమూ అదే.

మిత్రులలో సాంకేతిక విద్య నేర్చినవారు చాలమంది ఉన్నారు. వారికి తెలిసినదే అయినా, నాబోటి తెలుగు పండితుల కోసం నేను తెలిసికొన్నంత చెబుతాను. బండిలో కూర్చొని వ్రాసుకొనే చిత్రగుప్తులు ప్రధానంగా ముగ్గురు.

మొదటివాడు గాలిసంచిని నియంత్రించే పెట్టెలో ఉంటాడు. బండి వేగం, బ్రేకు, యాక్సిలరేటరు, సీటు బెల్టు – వీటిని ఎప్పటికప్పుడు గమనిస్తూ, పాతది చెరిపి కొత్తది వ్రాసుకొంటూ ఉంటాడు. ప్రమాదం జరిగితే మాత్రం దానికి ముందరి అయిదు సెకనుల ముచ్చటను చెరపకుండా దాచిపెడతాడు. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుండి అమ్మే కొత్త కార్లన్నిటిలో ఇతడు ఉండి తీరవలసిందే. అమెరికాలో 2015 డిసెంబరులో ఒక చట్టం చేసి, ఈ పెట్టెలోని సమాచారం బండి యజమానిదే, లేక దానిని లీజుకు తీసికొన్నవానిదే అన్నారు. న్యాయస్థానపు ఆజ్ఞ, యజమాని సమ్మతి వంటి కారణాలు ఉంటే తప్ప ఇతరులు దానిని తెరువరాదు.

రెండవవాడు దారి చూసేవాడు. ఉపగ్రహాల సంకేతాలతో బండి జాడ కనిపెట్టి, సిమ్ము ద్వారా దూరాన ఉన్న కేంద్రానికి పంపుతాడు. మన దేశంలో 2019 జనవరి 1 నుండి కొత్తగా నమోదయ్యే బస్సులు, టాక్సీల వంటి ప్రయాణికుల వాహనాలలో ఈ పరికరమూ, ఆపదలో నొక్కవలసిన మీటా ఉండాలని కేంద్ర నిబంధన. ఆటోలకు మినహాయింపు కలదు. నా శిష్యుని ప్రక్కన కూర్చున్న డబ్బా ఈ జాతిదే.

మూడవవాడు కొత్తవాడు. 2019లో హ్యుందయ్ వెన్యూ, ఎం.జి. హెక్టర్ వంటి కార్లతో మన బజారులో బాగా ప్రచారంలోకి వచ్చినాడు. కారులోనే అంతర్జాలం ఉంటుంది. మన ఫోనును దానికి కలిపితే అందులోని పేర్లు, నంబర్లు సైతం కారులోకి ఎక్కగలవు. 2023 సెప్టెంబరులో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల కంపెనీల గోప్యతా విధానాలను పరిశీలించి, ఒక్కదానికి కూడ ఉత్తీర్ణత ఇవ్వలేదు. ఇరవై అయిదుగురిలో ఒక్కడూ గట్టెక్కని తరగతిని ముప్పది రెండేండ్ల నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు!

ఇది దూరపు కొండల ముచ్చట అనుకోవద్దు. డాలస్ నగరంలో మన నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎంతమంది కార్లు నడుపుతున్నారో మీకు తెలియనిది కాదు. జనరల్ మోటార్స్ కంపెనీ తన కార్లు నడిపేవారి వేగం, బ్రేకు అలవాట్లు సేకరించి అమ్ముకొన్నదని 2024 ఆగస్టులో టెక్సాస్ రాష్ట్రం దావా వేసింది. బీమా కంపెనీలు ఆ లెక్క చూసి రుసుము పెంచేదాకా, తమ నడక ఎవరో వ్రాసుకొంటున్నారని ఎరుగనివారు ఎందరో! 2025 జనవరిలో అక్కడి కేంద్ర వాణిజ్య సంఘం, అటువంటి సమాచారం పరపతి నివేదికల సంస్థలకు అయిదేండ్లపాటు ఇవ్వరాదని ఆ కంపెనీని కట్టడి చేస్తూ ఒడంబడిక ప్రకటించింది. మన దేశంలోనూ 2022 జూలై నుండి బండి ఎంత తిరిగింది, ఎట్లా నడిచింది అన్నదానిని బట్టి బీమా రుసుము కట్టే పద్ధతికి నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అక్కడ కురిసిన వాన ఇక్కడికి రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

అట్లని ఈ డబ్బాలను పీకి పారవేయాలని నేను అనను. పాలమూరు వాడినై ఉండి అట్లా అనలేను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును గుద్దుకొని తగలబడింది. 45 మంది కాలిపోయినారు. పండుగకు ఇల్లు చేరవలసినవారు. ఆనాడు ఆ దారిన పోయినవారెవరూ ఆ దృశ్యాన్ని మరువలేరు. పన్నెండేండ్ల తర్వాత 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మళ్లీ అదే ఘోరం. వేగాన్ని కనిపెట్టే కన్ను ఒకటి ఉండటం మంచిదే. ఆపదలో మీట నొక్కితే బండి ఎక్కడున్నదో తెలియడం ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లకు కొండంత అండ. యజమాని పక్షాన కూడ న్యాయం ఉన్నది. లక్షలు అప్పు తెచ్చి కొన్న బండి ఎక్కడున్నదో తెలిసికోవడం అతని హక్కు. డీజిలు దొంగిలించే డ్రైవర్లు లేరా అంటే, ఉన్నారు. మరొక మాట: ప్రమాదం జరిగితే "డ్రైవరుదే తప్పు" అని ముందుగా తేల్చివేసే లోకంలో, తప్పు లేని డ్రైవరును కాపాడే సాక్షి కూడ ఆ డబ్బాయే కావచ్చును.

కాబట్టి వ్రాయడం మీద నాకు తగవు లేదు. వ్రాసినది ఎవరి చేతిలో ఉన్నదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న పాలమూరుకు కొత్తది కాదు. నేను కొలువులో చేరిన తొలి రోజులలో కల్వకుర్తి ప్రాంతపు పల్లెలో పని చేసినాను. కరువు వస్తే ఊరికి ఊరే గుంపు మేస్త్రీల వెంట ప్రాజెక్టు పనులకు, కాలువ పనులకు వలసపోయేది. ఇచ్చిన అడ్వాన్సు, చేసిన దినాలు, కోసిన కూలి – అన్నీ మేస్త్రీ పుస్తకంలో ఉండేవి. కూలివాడు వేలిముద్ర వేసేవాడు. ఏండ్ల తరబడి పని చేసి ఇంటికి వచ్చినవాడు, అప్పు ఇంకా ఎందుకు తీరలేదో తెలియక, నలిగిన చీటీ ఒకటి పట్టుకొని రాత్రిపూట నా గది ముందు నిలుచునేవాడు. "సారూ, జర సదివి సెప్పుండ్రి" అనేవాడు. చదివి చెప్పేవాణ్ణి. కాని పుస్తకం మేస్త్రీ దగ్గరనే ఉండేది. ఆ పుస్తకంలో అబద్ధం వ్రాసినాడో, నిజం వ్రాసినాడో ఆ కూలివానికి ఎన్నటికీ తెలియదు. అన్యాయం అంకెలలో కన్న ముందు ఆ తెలియకపోవడంలోనే ఉన్నది.

ఆ పుస్తకమే ఇప్పుడు డబ్బా అయింది. వేలిముద్ర వేసే పని కూడ తప్పింది. అంతే తేడా.

చట్టం లేదా అంటే, ఉన్నది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన నిబంధనలు పదునెనిమిది నెలల పిమ్మట అమలులోకి వస్తాయన్నారు. ఆ చట్టం 11వ సెక్షను, నీ గురించి ఏమి వ్రాసుకొన్నారో అడిగి తెలిసికొనే హక్కు ఇస్తున్నది. సంతోషించి చదువుతూ పోతే ఒక మెలిక కనిపించింది. ఆ హక్కు, తన సమాచారం వాడుకొనేందుకు సమ్మతి ఇచ్చినవారిదని అందులో ఉన్నది. 7వ సెక్షనులోనేమో, ఉద్యోగ వ్యవహారాల కోసం, యజమానికి నష్టం కలుగకుండా చూసుకొనడం కోసం, ఉద్యోగి సమ్మతి లేకనే అతని సమాచారం వాడుకోవచ్చునని ఉన్నది. రెండూ కలిపి అన్వయం చేయండి. సమ్మతి అడుగలేదు గనుక, చూపించమని అడిగే హక్కూ లేదు! వ్యాకరణం చదివినవాణ్ణి గనుక నా అన్వయం తప్పేమోనని మూడుసార్లు చూసినాను. న్యాయశాస్త్రం ఎరిగిన మిత్రులు తప్పని నిరూపిస్తే నాకన్న సంతోషించేవారు ఉండరు.

మన మాటలోనే దీనికి సమాధానం ఉన్నదని నాకు తోస్తుంది. 'గుప్' ధాతువునకు రక్షించడమని అర్థం. గోప్త అంటే రక్షకుడు; గోప్యం అంటే రక్షింపదగినది. చిత్రగుప్తుని పేరులో ఉన్నదీ ఆ ధాతువే. అతడు లోకుల లెక్కలన్నీ వ్రాస్తాడు, కాని బజారులో అమ్ముకొనడు. లెక్క చదవవలసి వచ్చినప్పుడు జీవుణ్ణి ఎదుట నిలబెట్టి చదువుతాడు. వాడు లేనప్పుడు తీర్పు చెప్పడు. యమలోకంలో ఉన్న ఈ పాటి మర్యాద మన హైవే మీద లేకపోవడం ఏమి న్యాయం?

నేను కోరేది పెద్ద పని కాదు. డబ్బా ఏమేమి వ్రాస్తుందో పనిలో చేరేనాడే డ్రైవరుకు తెలుగులో చెప్పాలి. ఆ లెక్క చూపి జీతం కోసేటప్పుడు, కోతకు ముందు దానిని అతని చేతికి ఇచ్చి, అతడు చెప్పే కారణం వినాలి. పని గంటలు ముగిసిన తర్వాత అతని వెంట పడరాదు. అక్కర తీరిన లెక్కను చెరిపివేయాలి. సొంత కారు ఉన్న మిత్రులకు ఒక మనవి: పాత కారు అమ్మేటప్పుడు అందులో ఎక్కిన ఫోను నంబర్లను తుడిచి అమ్మండి. అవి మీ బంధుమిత్రులవి.

బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో డబ్బాకు తెలుసు. ఎందుకు ఆగిందో దానికి తెలియదు. అది చెప్పగలవాడు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి ఒక్కడే. వాణ్ణి అడుగకుండా లెక్క తేల్చరాదు.

పెండ్లి నుండి తిరిగి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర మా వాడు బండి నెమ్మది చేసినాడు. "అమ్మ ఎట్లున్నదిరా?" అని అడిగినాను. "పోయింది సారూ, పోయిన ఏడు" అన్నాడు. ఆ యాబై నిమిషాలకు రెండు వేలు ఖరీదు కట్టినారు. వాడు మాత్రం, మరి కొంతసేపు కూర్చోవలసి ఉండెనని ఇప్పటికీ అనుకొంటున్నాడు.