ముట్టు ఆగే వయసు ఆడవాళ్లకు ఊరూరా ఆటపాటల కేంద్రాలు ఏర్పాటు చేయాలి

వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
జగిత్యాల జిల్లా.

ప్రతులు: జిల్లా వైద్యారోగ్య శాఖాధికారి గారికి, జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి గారికి.

విషయం: మెనోపాజ్ దశలో ఉన్న మహిళలకు ప్రతి గ్రామంలో సామూహిక నృత్య శిక్షణ, ఆరోగ్య సలహా కల్పించాలని వినతి.

ఆర్యా,

మేము ఈ జిల్లా పల్లెల్లో బీడీలు చుట్టుకుని బతికే ఆడవాళ్లం, మహిళా సంఘాల సభ్యులం. మాలో ఎక్కువమందికి నలభై నుంచి యాభై అయిదేళ్లు. కొందరికి ముట్టు ఆగిపోతోంది, కొందరికి ఆగిపోయింది, కొందరు గర్భసంచి తీయించుకున్నారు. మా వయసు వాళ్లం కలిసి అడుగేసి ఆడుకోవడానికి, మా బాధ ఒకరికొకరం చెప్పుకోవడానికి ప్రతి ఊళ్లో ఒక చోటు, ఒక వేళ, వేతనం ఇచ్చి నియమించిన ఒక శిక్షకురాలు కావాలని ఈ ప్రజావాణిలో అడుగుతున్నాం.

మా పరిస్థితి

ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే చీకటి పడేదాకా లేవం. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. మెడ, నడుము, మోకాళ్లు ఎప్పటినుంచో నొస్తూనే ఉన్నాయి. వాటిమీద ఈ దశ వచ్చి పడింది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, నడిరాత్రి చెమటలు, గుండెదడ, నిద్రలేమి, కారణం తెలియని ఏడుపు, కోపం. ఇంట్లో చెప్తే ఓర్చుకోమంటారు. పిల్లలకు చెప్పలేం. పక్కింటి ఆమెకూ ఇదే బాధ ఉందని తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. బాలింతకు, పసిబిడ్డకు, ఎదిగే ఆడపిల్లకు సర్కారు పథకాలున్నాయి. ముసలితనానికి పింఛను ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్న మమ్మల్ని కూడా చూడండి.

ఇది చిన్న సంగతి కాదు

పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకే వస్తోంది. ఈస్ట్రోజన్ తగ్గడంతో ఆ తర్వాతి కొద్ది ఏళ్లలో ఎముకల బలం వేగంగా పడిపోతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈ మార్పులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.3 మంది అయితే, తెలంగాణలో 8.2 మంది. అంటే పెద్దవయసు రాకముందే ముట్టు ఆగిపోయినవాళ్లు మన రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. అదే ఏడాది మార్చి 8న మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం మెనోపాజ్ సేవలను కూడా తన జాబితాలో చేర్చింది. దారి పడింది, దాన్ని మా వాడ దాకా తీసుకురండి.

ఆటే ఎందుకు అడుగుతున్నాం

ఆట మందుకు బదులు అని మేము అనడం లేదు. ఆవిర్లు ఆటతో పోతాయని కూడా చెప్పడం లేదు. వాటికి మందు కావాలో వద్దో డాక్టరే చెప్పాలి. కానీ కాళ్లమీద బరువు మోస్తూ వేసే అడుగు ఎముకకు, కండరానికి పని పెడుతుంది. తిరుగుతూ, వంగుతూ, లేస్తూ ఆడితే ఒంటికి నిలకడ వస్తుంది, పడిపోయే ముప్పు తగ్గుతుంది. ఒళ్లు అలిసిన రాత్రి నిద్ర పడుతుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటరిగా రోడ్డు వెంట నడవమంటే మాలో చాలామంది సిగ్గుతో ఆగిపోతారు. కోలాటానికి పిలిస్తే మాత్రం వస్తారు.

కోలాటంలో ఎదుటామె కోల కోసం చూడాలి, లెక్క తప్పకూడదు, వరుస గుర్తుంచుకోవాలి. ఒంటితో పాటు బుద్ధికీ అది పనే. బతుకమ్మ ఆటలో అందరం ఒకే వలయంలో ఉంటాం, ముందూ వెనకా ఉండదు. నాటు వేసే వంపును, బియ్యం చెరిగే చేతి విసురును, ఆకు కత్తిరించే వేళ్ల కదలికను ఒక్కొక్కరం ఒక్కో అడుగుగా కూర్చి చూపితే మిగతావాళ్లు అందుకుంటారు. పని చేసి నొచ్చిన ఒళ్లు అప్పుడు తనకు నచ్చినట్టు కదులుతుంది. ఆట ఆగి ఆయాసం తీర్చుకునేటప్పుడు, ఇంట్లో నోరు దాటని మాట బయటికొస్తుంది. బతుకమ్మ ఏడాదికి తొమ్మిది రోజులే. మా బాధ ఏడాది పొడుగునా ఉంటుంది.

మా డిమాండ్లు

1. ప్రతి గ్రామంలో వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాల చొప్పున సామూహిక నృత్య శిక్షణ ఏర్పాటు చేయాలి. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళకు అడ్డం రాకుండా, సమయాన్ని ఆ ఊరి ఆడవాళ్లే నిర్ణయించాలి.

2. గ్రామ సమాఖ్య భవనాన్ని గానీ రైతు వేదికను గానీ ఆ వేళకు ఆడవాళ్లకే కేటాయించాలి. గాలి, వెలుతురు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి.

3. ఊళ్లో కోలాటం, బతుకమ్మ ఆట బాగా తెలిసిన ఆడవాళ్లనే శిక్షకులుగా తీసుకుని నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారిణులతో, ఫిజియోథెరపిస్టులతో వారికి శిక్షణ ఇప్పించాలి.

4. మోకాళ్ల నొప్పులున్నవారికి, వికలాంగులకు కుర్చీలో కూర్చుని చేసే కదలికలు నేర్పాలి. భర్త చనిపోయిన ఆడవాళ్లను, అన్ని కులాల, మతాల ఆడవాళ్లను కలుపుకోవాలి. పాటలు, అడుగులు అందరికీ నచ్చేలా ఎంచుకోవాలి.

5. వారానికి ఒకరోజు ఆట తర్వాత పల్లె దవాఖానా సిబ్బంది వచ్చి బీపీ, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయాలి, అనుమానాలు తీర్చాలి. ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలన్న సంగతి ప్రతి ఆడమనిషికీ తెలియాలి.

6. గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే, ఆపరేషన్‌కు ముందు సర్కారు ఆసుపత్రిలో రెండో డాక్టరు సలహా ఉచితంగా ఇప్పించాలి.

7. ఆరు నెలలకోసారి ఫలితం చూడాలి. అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నామో, ఒంటికాలిమీద ఎంతసేపు నిలబడగలుగుతున్నామో, నిద్ర ఎలా ఉందో రాసుకోవాలి. ఆ లెక్క మాకూ చెప్పాలి.

8. ఇంటి మగవాళ్లకు, పెద్దపిల్లలకు ఈ దశ గురించి గ్రామసభలో వివరించాలి.

మొదటి విడతగా బీడీ కార్మికులు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో, ప్రపంచ మెనోపాజ్ దినమైన అక్టోబర్ 18న ఈ కేంద్రాలు తెరవాలని కోరుతున్నాం. చోటు చూడడం, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను పిలవడం మా సంఘాలే చేసుకుంటాయి. శిక్షకురాలి వేతనం, దవాఖానా సిబ్బంది సేవలు మాత్రం సర్కారు నుంచి రావాలి. నెల రోజుల్లోగా సంబంధిత శాఖల అధికారులతో పాటు మా ప్రతినిధులనూ పిలిచి సమావేశం పెట్టి, అక్కడ తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా మాకు అందజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
బీడీ కార్మిక మహిళలు, మహిళా సంఘాల సభ్యులు,
జగిత్యాల జిల్లా.
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)